ఒక నవల, మూడు అట్టలు: పాఠకుడు దేనికోసం ఎదురుచూస్తాడు?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. నవల ఒక్కటే. ఒక రాత్రి తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇల్లు అమ్మేయడానికి కూతురు తిరిగొస్తుంది. తండ్రి ఎక్కడికి వెళ్లాడో చివరిదాకా తెలియదు. దీనికి మూడు అట్టలు వేయించారు. మొదటిది నల్లటి అట్ట, సగం తెరిచిన తలుపు, ఎర్రటి అక్షరాలు. రెండోది నీటిరంగుల్లో కిటికీ పక్కన ఖాళీ కుర్చీ. మూడోదానికి బొమ్మే లేదు, తెల్లటి అట్ట మీద నవల పేరు, మీ పేరు, అంతే. ముగ్గురు స్నేహితులకి తలా ఒకటి చూపిస్తే ఒకరు "చంపిందెవరు?" అన్నారు, ఇంకొకరు "బాగా ఏడిపిస్తుందా?" అన్నారు, మూడో ఆయన "అవార్డు పుస్తకంలా ఉంది, తీరిగ్గా చదువుతా" అన్నారు. లోపల ఒక్క అక్షరం కూడా మారలేదు కదా, అట్టకి నిజంగా అంత బలం ఉందా, ఇందులో ఏది తీసుకోవాలి అని అడిగారు.

ఉంది. మీరు భయపడుతున్న దానికంటే కాస్త ఎక్కువే ఉంది. పాతికేళ్లుగా అట్టలు వేస్తున్నాను, ఈ పనిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన మాట ఒక్కటే. అట్ట కథ చెప్పదు. కథలో దేనికోసం కాచుకుని కూర్చోవాలో చెప్తుంది. పాఠకుడు ఆ కాచుకోవడంతోనే మొదటి పేజీ తిప్పుతాడు.

మీ నవల మొదటి వాక్యం మీరే రాశారు కాబట్టి దానితోనే చూద్దాం: "ఆ రాత్రి నాన్న తలుపు గడియ పెట్టలేదు."

నల్లటి అట్ట తిప్పి ఈ వాక్యం దగ్గరికి వచ్చినవాడికి గడియ అంటే ప్రమాదం. ఎవరో లోపలికి రాబోతున్నారు. నాన్న మరిచిపోయాడా, కావాలనే వదిలేశాడా, బయట ఎవరితోనైనా ముందే మాట్లాడుకున్నాడా? గడియ ఇక్కడ ఒక క్లూ. పాఠకుడు దాన్ని జేబులో వేసుకుంటాడు. నూట యాభయ్యో పేజీలో బయటికి తీసి "దీని సంగతి ఏమైంది?" అని మిమ్మల్నే అడుగుతాడు. మీ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మీరు ఆ గడియని అందుకోసం రాయలేదు.

అదే వాక్యం కుర్చీ బొమ్మ తర్వాత చదివితే? గడియ పెట్టకపోవడం అంటే ఎవరికోసమో ఎదురుచూపు. లేదా ఆ ఇంటి మీద మనసు విరిగిపోయిన మనిషి. ఈ పాఠకుడు తలుపు బయట ఎవరున్నారా అని చూడడు, నాన్న ముఖంలోకి చూస్తాడు. గడియ మాట మళ్లీ రాకపోయినా అతనికి లోటు అనిపించదు. నాన్నని ఇంకొంచెం దగ్గరగా చూపించకపోతే మాత్రం నొచ్చుకుంటాడు.

తెల్లటి అట్ట చేతిలో పట్టుకున్నవాడు వాక్యాన్నే చూస్తాడు. "పెట్టలేదు" దగ్గర ఒక క్షణం ఆగుతాడు. ఇది చెప్తున్నది ఎవరు, ఎంత కాలం తర్వాత చెప్తున్నారు అని ఆలోచిస్తాడు. ఇతనికి ఓపిక ఎక్కువ, మన్నింపు తక్కువ. కథ మెల్లగా నడిచినా సరేనంటాడు గానీ నాలుగో పేజీలో ఒక అరిగిపోయిన పోలిక కనబడితే పెదవి విరుస్తాడు. బొమ్మ లేని అట్ట "నా బలం రాతలో ఉంది" అని ముందే గొప్ప చెప్పుకున్నట్టు. ఆ గొప్పకి తగ్గట్టు రాయాల్సిందే.

చూశారా, వాక్యం ఒకటే, చదివినవాళ్లు ముగ్గురు.

దీన్ని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, తప్పు చేసి నేర్చుకున్నాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక నవల ఇచ్చారు. మొదటి అధ్యాయంలోనే నలుగురు పిల్లల్లో ఆఖరివాడు చెరువులో మునిగిపోతాడు. మిగతా పుస్తకం అంతా ఆ ముగ్గురు తోబుట్టువులు ఎలా పెద్దవాళ్లయ్యారు అన్నది. నేను చదివింది మొదటి అధ్యాయం, ప్రచురణకర్త పంపిన అరపేజీ సారాంశం. ముదురు నీలం నీళ్లు వేశాను, అందులోంచి పైకి లేచిన ఒక చిన్న చెయ్యి, కింద తడిసి కారుతున్నట్టు అక్షరాలు. ప్రూఫ్ చూసి అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

పుస్తకం మొదట్లో బాగానే కదిలింది. తర్వాత రచయితకి ఉత్తరాలు రావడం మొదలైంది. "మునిగాడా, ముంచారా? చివరిదాకా తేల్చలేదేం?" ఒకాయనైతే బైండింగ్‌లో ఒక ఫారం జారిపోయిందేమోనని పేజీ నంబర్లు మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడట. పదహారు పేజీలు పోయాయి, హంతకుడు అందులోనే ఉన్నాడు అని ఆయన అనుమానం! అప్పుడు నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన తప్పేమీ లేదు. హత్య గురించి రచయిత ఒక్క మాట కూడా అనలేదు, ఆ మాట అన్నది నా అట్ట. రచయిత చాలా మెత్తని మనిషి. "మీ బొమ్మ బాగుందండీ, నా పుస్తకానిది కాదు" అని మాత్రం అన్నారు.

రెండో ముద్రణకి పుస్తకం మొత్తం చదివి కొత్త అట్ట వేశాను. చెరువు మెట్ల మీద నాలుగు జతల చిన్న చెప్పులు, పగటి వెలుగు. నీళ్లు అసలు కనబడవు. లోపల అచ్చుతప్పులు దిద్దడం తప్ప ఏమీ మారలేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది పెద్దక్క గురించి రాశారు. ఆ పాత్ర మొదటి ముద్రణలో కూడా అదే పేజీల్లో, అవే మాటలతో ఉంది. అప్పుడు అందరూ చెరువు వైపు చూస్తున్నారు కాబట్టి ఆవిడ ఎవరికీ కనబడలేదు.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. మాట తప్పింది అట్ట అయినా తిట్లు పడేది పుస్తకానికే. "అట్ట మోసం చేసింది" అని ఎవరూ అనరు. "నవల తేలిపోయింది" అంటారు.

ఇక ఏది ఎలా పనిచేస్తుందో చెప్తాను. అన్నిటికంటే ముందు కంటికి తగిలేది రంగు. రంగుకి ఎంత శక్తి ఉందో చెప్పడానికి ఇటలీ సంగతి నాకు చాలా ఇష్టం. 1929లో మొండడోరి అనే ప్రచురణ సంస్థ డిటెక్టివ్ నవలల్ని పసుపు అట్టలతో వేయడం మొదలుపెట్టింది. పసుపుని వాళ్ల భాషలో 'జాల్లో' అంటారు. కొన్నాళ్లకి ఆ మాటే డిటెక్టివ్ నవలకి పేరైపోయింది. ఇవాళ్టికీ అక్కడ "ఒక జాల్లో చదువుతున్నా" అంటే నేరపరిశోధన నవల చదువుతున్నానని అర్థం. 1935లో ఇంగ్లండులో పెంగ్విన్ వాళ్లు ఇలాంటి పనే ఒక పద్ధతి పెట్టుకుని చేశారు. నవలలకి నారింజ, నేరకథలకి ఆకుపచ్చ, జీవితచరిత్రలకి నీలం. బొమ్మల్లేవు, రంగుల పట్టీలు, అక్షరాలు, చిన్న పక్షి గుర్తు. దూరం నుంచి రంగు చూసి ఏ రకం పుస్తకమో చెప్పేయొచ్చు.

అంటే పసుపులో పుట్టుకతో నేరం ఉందని కాదు. అలవాటు చేశారు, అలవాటైంది. మీ నల్ల అట్ట, ఎర్ర అక్షరాల సంగతీ అంతే. పాఠకుడు అలాంటివి వంద చూసి ఉంటాడు, వాటిలో తొంభై థ్రిల్లర్లు. మీ పుస్తకం నూట ఒకటోది. "మాది అలాంటిది కాదండీ" అని మీరు పక్కన నిలబడి చెప్పలేరు కదా.

రెండోది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది, మనిషి ముఖం. అట్ట మీద ముఖం వేశామంటే పాఠకుడి ఊహలో ఉండాల్సిన ముఖాన్ని మనం ముందే ఆక్రమించేసినట్టు. లోపల మీరు పది పేజీలు వర్ణించినా అతనికి అట్ట మీది మనిషే కనబడుతుంది. 2009లో అమెరికాలో దీనిమీద పెద్ద గొడవే జరిగింది. జస్టిన్ లార్బలెస్టియర్ రాసిన 'లయర్' అనే నవలలో కథ చెప్పే అమ్మాయి నల్లజాతి పిల్ల, పొట్టి జుట్టు. పైగా తను అబద్ధాలకోరునని తనే ఒప్పుకుంటుంది. అట్ట మీద మాత్రం పొడవు జుట్టు తెల్లమ్మాయి ఫొటో వేశారు. ముందస్తు ప్రతులు చదివినవాళ్లకి ఒక అనుమానం వచ్చింది. ఈ పిల్ల తను నల్లదాన్నని చెప్పడం కూడా అబద్ధమేనేమో! చూడండి, ఒక ఫొటో నవల పునాదినే కదిపేసింది. రచయిత్రి బహిరంగంగా అభ్యంతరం చెప్పారు, పాఠకులు మండిపడ్డారు, చివరికి విడుదలకి ముందే అట్ట మార్చారు. పాఠకులు అట్టని అలంకారంలా చూస్తారని మనం అనుకుంటాం గానీ, వాళ్లు దాన్ని సాక్ష్యంలా చదువుతారు.

ముఖానికే కాదు, కథలో మీరు దాచిపెట్టిన ఏ వస్తువుకైనా ఇదే వర్తిస్తుంది. కాఫ్కా 'మెటమార్ఫసిస్' కథలో ఒకడు పొద్దున లేచేసరికి పురుగైపోయి ఉంటాడు. అది 1915లో పుస్తకంగా వస్తున్నప్పుడు కాఫ్కా ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ఆ పురుగుని మాత్రం గీయించకండి, దూరం నుంచి కనబడినట్టు కూడా వద్దు అని. చివరికి వచ్చిన అట్ట మీద ఒక తలుపు, దాని వెనక చీకటి, ముందు రెండు చేతులతో ముఖం కప్పుకుని నడిచి వస్తున్న ఒక మనిషి. పురుగు లేదు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ముద్రణల మీద పురుగులు గీశారు. ఆ అట్టలతో చదివినవాళ్లు "ఇది బొద్దింకా, పేడపురుగా?" అన్న దగ్గర ఆగిపోతారు. చీకటి తలుపుతో చదివినవాళ్లు మాత్రం ఆ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారా అని చూస్తారు. కథ ఉన్నది అక్కడే.

మరి వస్తువుని చూపిస్తే ఎప్పుడూ నష్టమేనా? కాదు, ఎంత చూపిస్తున్నామన్నదే అసలు కిటుకు. 1990లో 'జురాసిక్ పార్క్' నవలకి చిప్ కిడ్ వేసిన అట్ట మీద ఉన్నది టైరనోసారస్ అస్థిపంజరం, నల్లటి నీడలా. కోరలు బయటపెట్టి మీదికి దూకే జంతువుని వేసి ఉంటే పిల్లల సాహసకథ అనుకునేవాళ్లు. ఎముకలు వేసేసరికి మ్యూజియం గుర్తొస్తుంది, సైన్సు గుర్తొస్తుంది, "ఇది జరిగే అవకాశం ఉందేమో" అనే భయం మొదలవుతుంది. కండ, చర్మం పాఠకుడు అతికించుకోవాలి. 1993లో సినిమావాళ్లు ఆ బొమ్మనే తమ గుర్తుగా తీసుకున్నారు.

అక్షరాల దగ్గరికొద్దాం, మనవాళ్లు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. పేరు అట్టంతా పరుచుకుని బొమ్మ చిన్నదైపోతే పాఠకుడు వేగం ఆశిస్తాడు. అక్షరాలు చిన్నవై చుట్టూ ఖాళీ ఉంటే నెమ్మదిగా నడిచే కథ అనుకుంటాడు. చేతిరాతలాంటి అక్షరాలైతే ఎవరో దగ్గరివాళ్లు చెప్తున్న కథ. రచయిత పేరు నవల పేరుకంటే పెద్దదైతే "ఈ మనిషి కోసం కొనండి" అని అర్థం, మొదటి నవలకి అది నప్పదు. ఇంగ్లీషు థ్రిల్లర్ల అట్టలు చూసి అదే దిమ్మెల్లాంటి అక్షరాలు కావాలని అడుగుతారు. అక్కడ పెద్దబడి అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఇటుకలు పేర్చినట్టు కూర్చుంటాయి. మనకి పైన గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు. బలవంతంగా పిండి దిమ్మె చేస్తే ఒత్తు కింది వరుస నెత్తిన ఎక్కుతుంది, చదవడానికే కష్టం. తెలుగులో బిగువు కావాలంటే గీత మందం, వాలు మార్చి తెచ్చుకోవాలి. మీ మొదటి అట్టలో జరిగింది ఇదే అనిపిస్తోంది. ఫొటో పంపలేదు గానీ, "పేరు సరిగ్గా కనబడట్లేదు" అని మీరే రాశారు.

లామినేషన్, ఫాయిల్, ఉబ్బెత్తు అక్షరాల గురించి పెద్దగా బెంగపెట్టుకోకండి. మెరిస్తే జనాదరణ నవల, మ్యాట్ అయితే 'సాహిత్యం' అనే చిన్న ముద్ర పడుతుంది, అంతకుమించి ఏమీ లేదు.

ఈ మధ్య అందరూ అడిగేది ఇంకోటి ఉంది: "మనం కూడా అమ్ముడుపోతున్న పుస్తకాల్లాగే వేయించుకుంటే?" అది ఒట్టి కాపీ అని కొట్టిపారేయను. ఒక రకం పుస్తకాలన్నీ ఒకేలా ఉండటంలో పాఠకుడికి సౌకర్యం ఉంది, తనకి కావలసింది వెతుక్కోకుండా దొరుకుతుంది. దీనికి నేను చూసిన విచిత్రమైన ఉదాహరణ 'వదరింగ్ హైట్స్'. 1847 నాటి నవల. 'ట్విలైట్' అనే రక్తపిశాచి ప్రేమకథల పుస్తకాలు ఊపేస్తున్న రోజుల్లో, 2009లో, వాటి అట్టల్లాగే నల్లటి నేపథ్యం, మధ్యలో ఒక పువ్వు వేసి దీన్ని మళ్లీ తెచ్చారు. 'ట్విలైట్' పాత్రలకి ఇష్టమైన పుస్తకం అని అట్ట మీదే రాశారు. దాంతో కొత్త పాఠకులు వచ్చారు. మెత్తని ప్రేమకథ కోసం వచ్చి పగతో రగిలిపోయే మనుషుల మధ్య చిక్కుకున్నారు. కొందరు విసుక్కున్నారు, కొందరు ఆ పుస్తకంతోనే ఉండిపోయారు. అరువు తెచ్చుకున్న అట్టతో జనం రావడం ఖాయం, కానీ వాళ్లు కూర్చుంటారా లేదా అన్నది లోపలి రాత తేల్చాలి. నూట అరవై ఏళ్లు నిలిచిన నవల ఆ దెబ్బ తట్టుకుంది. మన మొదటి నవలకి అంత ఒళ్లుందా అని ఆలోచించుకోవాలి.

అట్ట నచ్చకపోతే ఏం చేయాలో హెమింగ్వే చూపించాడు. 1925లో వచ్చిన 'ద గ్రేట్ గాట్స్‌బీ' పై అట్ట మీద ముదురు నీలం రాత్రి, అందులో తేలుతున్న రెండు కళ్లు, పెదాలు, కింద దీపాల వెలుగు. నవల రాసిన ఫిట్జెరాల్డ్ ఆ బొమ్మని నవల పూర్తికాకముందే చూసి, దాన్ని కథలోకి కూడా రాసేశానని ఎడిటర్‌కి చెప్పాడు. హెమింగ్వేకి మాత్రం అది చవకబారు సైన్స్ ఫిక్షన్ పుస్తకంలా కనిపించిందట. పై అట్ట తీసేసి నవల చదివానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నిజానికి గట్టి అట్ట పుస్తకం మీద తొడిగే ఆ కాగితం చొక్కా తీసి పక్కన పెట్టేయొచ్చు, మన పేపర్‌బ్యాక్ అట్టని అలా పీకలేం. పైగా అచ్చు పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అట్ట కనబడుతుంది, ఆశ మళ్లీ మళ్లీ రాజుకుంటుంది. ఈ-బుక్ చాలాసార్లు ఆపిన పేజీలోనే తెరుచుకుంటుంది, అట్ట కొనేటప్పుడు ఒక్కసారి, అదీ బొటనవేలి గోరంత సైజులో కనబడి పోతుంది. అందుకే ఈ-బుక్ చదివినవాళ్లని అట్ట గురించి అడిగితే చాలామందికి రంగు తప్ప ఏమీ గుర్తుండదు.

మీరు స్నేహితుల్ని అడిగిన పద్ధతి మంచిదే, కానీ దాన్ని కాస్త పదును పెట్టాలి. నవల చదవనివాళ్లని ఎంచుకోండి. అట్టని ఫోన్‌లో చిన్నగా, మూడు సెకన్లు చూపించి తీసేయండి. "బాగుందా?" అని పొరపాటున కూడా అడగొద్దు. అలా అడిగితే బొమ్మకి మార్కులు వేస్తారు, నా చెరువు బొమ్మకి కూడా మార్కులు బాగానే వచ్చాయి. "యాభయ్యో పేజీలో ఏం జరుగుతుంటుంది అనుకుంటున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ యాభయ్యో పేజీతో పోల్చుకోండి. సంఘటన కలవక్కర్లేదు, వాతావరణం కలిస్తే చాలు.

ఇక మీ మూడింటి సంగతి. నల్లటిది వద్దు. తండ్రి ఏమయ్యాడో చెప్పని నవలకి ఆ అట్ట వేస్తే, జవాబు ఇస్తానని మాటిచ్చి ఎగ్గొట్టినట్టే. తెల్లటిది మీ మూడో నవలకో నాలుగో నవలకో దాచుకోండి. ఇప్పుడు మీ పేరు ఎవరికీ తెలియదు, పేరు తప్ప ఏమీ లేని అట్ట పాఠకుడికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వదు. కుర్చీ అట్ట దగ్గరగా ఉంది, కానీ కుర్చీతోనే నాకు పేచీ. ఖాళీ కుర్చీ చూడగానే మనిషి చనిపోయాడనిపిస్తుంది. పాఠకుడు పదో పేజీకే నాన్నకి మనసులో దండ వేసేస్తాడు. మీ కూతురు పాత్ర మూడొందల పేజీలు "ఉన్నాడా, లేడా?" అని ఊగిసలాడుతుంటే అతను మాత్రం ఎప్పుడో తేల్చేసుకుని ఉంటాడు.

కాబట్టి ఆర్టిస్టుతో మళ్లీ ఒకసారి కూర్చోండి. నీటిరంగులు అలాగే ఉంచమనండి. కుర్చీ తీసేసి మొదటి అట్టలోని తలుపు అక్కడ పెట్టించండి. అయితే ఇంటి లోపలి నుంచి, పగటి పూట కనబడాలి, గడియ ఊరికే వేలాడుతూ ఉండాలి. పేరు మధ్యస్థంగా, తలుపు కింది భాగంలో. వెనక అట్ట మీద "అంతుచిక్కని రహస్యం" లాంటి మాటలు ఏమైనా రాసి ఉంటే కొట్టేయండి, లేదంటే ముందు తీసేసిన నల్లరంగు వెనకనుంచి వచ్చేస్తుంది. తర్వాత ఆ మూడు సెకన్ల పరీక్ష ఇంకో ఇద్దరు ముగ్గురి మీద చేసి, వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి. ఎవరైనా "దొంగ" అన్నారంటే తలుపు ఇంకా చీకట్లోనే ఉన్నట్టు, గుమ్మంలో ఇంకొంచెం ఎండ పడనివ్వమని ఆర్టిస్టుకి చెప్పండి.